ఖుర్దాలో డయోడ్ల కర్మాగారం: వార్త వెనుక విషయం, మన పిల్లల లెక్క

2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం నాలుగు సెమీకండక్టర్ కర్మాగారాలకు ఆమోదం తెలిపింది. వాటిలో రెండు ఒడిశాకు, ఒకటి పంజాబ్‌కు, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. ఒడిశాకు వచ్చిన రెండూ భువనేశ్వర్ పక్కన ఖుర్దా జిల్లాలోని ఇన్ఫో వ్యాలీలోనే పెడతారు. మా బరంపురంలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే చేరుకునే దూరం.

అప్పటి నుంచి మా సంఘం సమావేశాల్లో ఈ మాట రాని రోజు లేదు. చిప్పు అంటే ఏమిటి, డయోడ్ అంటే బల్బులాంటిదా, మా మనవడు డిప్లొమా చేస్తే అక్కడ ఉద్యోగం దొరుకుతుందా, ఉన్న ఊళ్లో ఇంత పని వస్తుంటే పిల్లల్ని బెంగళూరు పంపడం ఎందుకు అని పెద్దలు అడుగుతున్నారు. పత్రికల్లో కోట్ల రూపాయల లెక్కలు కనబడుతున్నాయి గానీ, అక్కడ తయారయ్యే వస్తువు ఏం చేస్తుందో చెప్పేవారు తక్కువ. వస్తువు తెలియకపోతే వార్త విలువ తెలియదు. అందుకే ముందు డయోడ్ సంగతి చెప్పి, ఆ తరువాత ఈ కర్మాగారాల లెక్కకు వస్తాం.

డయోడ్ చేసే పని

పెరటి బావిలో మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వ్ ఉంటుంది. నీళ్లను పైకి పోనిస్తుంది. మోటారు ఆపాక కిందికి జారనివ్వదు. విద్యుత్తుకు డయోడ్ అలాంటి ఫుట్ వాల్వ్. కరెంటును ఒక వైపు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఇది తెలిస్తే డయోడ్ గురించి సగం తెలిసినట్టే.

పోలిక అంతవరకే. ఫుట్ వాల్వ్‌లో కదిలే మూత ఉంది కాబట్టి అది అరుగుతుంది, చెత్త అడ్డుపడితే మొరాయిస్తుంది. డయోడ్‌లో కదిలే భాగం ఏదీ లేదు. అందువల్ల అరుగుదల లేదు. సెకనుకు లక్షల సార్లు తెరుచుకుని మూసుకునే డయోడ్లు కూడా ఉన్నాయి.

పాత రేడియో విప్పితే మిరియం గింజంత నల్లని గొట్టం, దానికి రెండు వైపులా తీగలు, ఒక చివర వెండి రంగు పట్టీ కనబడతాయి. అదే డయోడ్. కరెంటు పట్టీ లేని వైపు నుంచి పట్టీ ఉన్న వైపుకు పోతుంది. తిప్పి అతికిస్తే పరికరం పనిచేయదు, ఒక్కోసారి కాలిపోతుంది.

సగం దారి ఇచ్చే పదార్థం

రాగి తీగలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి కరెంటు పారుతుంది. పింగాణీలో అవి కట్టుబడి ఉంటాయి కాబట్టి పారదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవి సెమీకండక్టర్లు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటిని అర్ధవాహకాలు అన్నారు. మన పిల్లలు చదివే ఇతర భాషల్లోనూ దాదాపు అదే అర్థం: ఒడియాలో అర్ధపరివాహీ, కన్నడలో అరెవాహక, మరాఠీలో అర్ధవాహక, తమిళంలో కురైక్కడత్తి. ఇంట్లో మనవడు పుస్తకం తెరిచి ఈ మాట చదివితే, అది ఫలానా అని తాత తెలుగులో చెప్పగలగాలని వీటిని ఇక్కడ రాస్తున్నాం.

వీటిలో ముఖ్యమైనది సిలికాన్. ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. శుద్ధి చేసిన సిలికాన్ స్ఫటికంలో ప్రతి పరమాణువుకూ బయటి వరుసలో 4 ఎలక్ట్రాన్లు ఉంటాయి. చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో చేతులు కలిపినట్టు ఆ నాలుగూ పట్టుకుని ఉంటాయి. ఖాళీ చెయ్యి లేదు కాబట్టి కరెంటు మోసే ఎలక్ట్రాన్లు చాలా తక్కువ.

ఇక్కడే మనిషి ఉపాయం పనిచేసింది. కోటి సిలికాన్ పరమాణువులకు ఒకటి చొప్పున భాస్వరం, అంటే ఫాస్ఫరస్, కలిపారు. దానికి బయటి వరుసలో 5 ఎలక్ట్రాన్లు. నాలుగు చేతులు కలిశాక ఒకటి మిగిలి తిరుగుతుంది. ఇది ఎన్ రకం. ఫాస్ఫరస్‌కు బదులు బోరాన్ కలిపితే దానికి ఉన్నవి 3 మాత్రమే. ఒక చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఇది పీ రకం. అంత తక్కువ మోతాదు కలిపినా కరెంటు పారే శక్తి లక్షల రెట్లు పెరుగుతుంది. ఉప్పు కాస్త ఎక్కువైతే పులుసు పాడైనట్టు, ఇక్కడ కూడా మోతాదే ప్రాణం. కర్మాగారం ఖర్చులో పెద్ద భాగం ఈ శుభ్రతకూ ఈ మోతాదుకూ పోతుంది.

ఖాళీ చోటు కరెంటును ఎలా మోస్తుందని చాలామందికి సందేహం. పెళ్లి భోజనాల పంక్తిని తలచుకోండి. వరుస మధ్యలో ఒక విస్తరి ఖాళీ. దాని కుడి పక్కవారు అందులోకి జరిగారు, వారి పక్కవారు వారి చోటుకి జరిగారు. మనుషులు ఒక్కొక్కరు ఒక్క అడుగే ఎడమకు జరిగారు, ఖాళీ విస్తరి మాత్రం వరుస చివరి దాకా కుడికి పోయినట్టు కనబడుతుంది. పీ రకంలో కరెంటు మోసేది ఆ ఖాళీయే. దాన్ని హోల్ అంటారు.

ఇప్పుడు ఒకే స్ఫటికంలో ఒక సగం పీ, ఒక సగం ఎన్‌గా చేస్తే, సరిహద్దు దగ్గర ఉన్న ఎలక్ట్రాన్లు అటు దాటి ఖాళీలను నింపుతాయి. దాంతో సరిహద్దుకు రెండు పక్కలా కరెంటు మోసేవి ఏవీ లేని సన్నని బీడు ఏర్పడుతుంది. ఆ బీడులో ఎన్ వైపు ధనావేశం, పీ వైపు రుణావేశం మిగిలిపోయి గోడలా నిలుస్తాయి. తరువాత దాటబోయే ఎలక్ట్రాన్లను ఆ గోడ ఆపేస్తుంది.

బ్యాటరీ ప్లస్‌ను పీ వైపుకు, మైనస్‌ను ఎన్ వైపుకు కలిపితే గోడ కుంగుతుంది. సిలికాన్‌లో దాదాపు 0.7 వోల్టుల దగ్గర కరెంటు ధారాళంగా పారడం మొదలవుతుంది. పాతకాలపు జెర్మేనియంలో అది సుమారు 0.3 వోల్టులు. బ్యాటరీని తిప్పి కలిపితే బీడు వెడల్పవుతుంది, కరెంటు ఆగిపోతుంది. మరీ ఎక్కువ వోల్టేజీ పెడితే గోడ కూలుతుంది. ఎన్ని వోల్టులకు కూలాలో ముందే నిర్ణయించి, కూలినా చెడకుండా తయారుచేసిన రకమే జీనర్ డయోడ్. పరికరంలో వోల్టేజీ ఒక స్థాయి దాటకుండా అది కాపలా కాస్తుంది.

ఒక వైపే కరెంటు పోనిచ్చే ఈ గుణాన్ని 1874లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్రాన్ సహజ ఖనిజ స్ఫటికాల్లో గమనించాడు. సీసపు ఖనిజమైన గెలీనాతో రేడియో తరంగాలను పట్టే పరికరానికి మన జగదీశ్ చంద్ర బోస్‌కు 1904లో అమెరికా పేటెంటు ఇచ్చింది. సిలికాన్‌లో పీ, ఎన్ సరిహద్దును 1940లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన రస్సెల్ ఓల్ కనుగొన్నాడు. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లోనే జెర్మేనియం పరికరాలు తయారుచేసింది. అంటే డయోడ్ మన దేశానికి కొత్తగా వస్తున్న చుట్టం కాదు. మధ్యలో మనమే వెనకబడ్డాం.

మన ఇంట్లో ఎక్కడెక్కడ ఉంది

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల ఏసీ. సెకనుకు 50 సార్లు ముందుకు వెనక్కు ఊగుతుంది. ఫోన్‌కు కావలసినది ఒకే వైపు పారే డీసీ. మధ్యలో నాలుగు డయోడ్లను వంతెనలా కడతారు. కరెంటు ముందుకు వచ్చినప్పుడు రెండు డయోడ్లు, వెనక్కు వచ్చినప్పుడు మిగతా రెండు దారి ఇస్తాయి. ఎటు నుంచి వచ్చినా బయటికి ఒకే వైపు పోతుంది. అలా సెకనుకు 100 దెబ్బలుగా వచ్చే కరెంటును కెపాసిటర్ అనే చిన్న డబ్బా నిల్వచేసి చదునుచేస్తుంది. నిండినప్పుడు పట్టి ఉంచి, తగ్గినప్పుడు వదిలే చెరువులాంటిది అది. చార్జర్, టీవీ, ఇన్వర్టర్, కంప్యూటర్, ఏది విప్పినా గుమ్మంలోనే ఈ నాలుగు కాపలాదారులు ఉంటారు.

ఎల్‌ఈడీ బల్బులో వెలిగేది కూడా డయోడే. అందులోని డీ అక్షరం డయోడ్‌దే. సరిహద్దు దాటిన ఎలక్ట్రాన్ ఖాళీలో పడినప్పుడు కొంత శక్తి వదులుతుంది. సిలికాన్‌లో అది ఎక్కువగా వేడిగా పోతుంది. గాలియం కలిసిన కొన్ని పదార్థాల్లో వెలుగుగా వస్తుంది. నీలి వెలుగు ఇచ్చే డయోడ్ చాలాకాలం చేతికి చిక్కలేదు. అది సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలి వెలుగు వల్లే తెల్లని బల్బు సాధ్యమైంది. మన ఇళ్లలో 60 వాట్ల పాత బల్బు పోయి 9 వాట్ల బల్బు వచ్చిందంటే కారణం అదే. ఇక్కడ ఒక చిన్న మాట. ఎల్‌ఈడీ బల్బు పోయిందని పారేసేటప్పుడు చాలాసార్లు చెడింది వెలిగే డయోడ్ కాదు, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్. తూకానికి అమ్మినట్టు అమ్మే చవక బల్బుల్లో ఆదా చేసేది ఆ డ్రైవర్ మీదే.

ఇక పైకప్పు. సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైనప్పటి నుంచి మన ఇళ్లలో సౌర ఫలకాల మాట పెరిగింది. 3 కిలోవాట్లు, అంతకు మించి పెట్టుకునే ఇంటికి కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. ఈ ఫలకం అంటే ఎండలో పరిచిన పెద్ద పీ, ఎన్ సరిహద్దులే. ఎల్‌ఈడీలో కరెంటు పోసి వెలుగు తీస్తాం, ఇక్కడ వెలుగు పోసి కరెంటు తీస్తాం. ఒక్కో గడి ఇచ్చేది అర వోల్టుకు కాస్త ఎక్కువ. అందుకే డజన్లకొద్దీ గడులను వరుసగా కలుపుతారు.

వరుసగా కలపడంలో ఒక చిక్కు ఉంది. ఒక్క గడి మీద నీడ పడితే దాని ద్వారా పోవలసిన కరెంటు ఆగుతుంది, మొత్తం వరుస కుంటుపడుతుంది, ఆ గడి వేడెక్కుతుంది. దీన్ని తప్పించడానికి ఫలకం వెనుక బిగించిన చిన్న పెట్టెలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. నీడ పడిన భాగాన్ని వదిలి, కరెంటును పక్క దారిన పంపుతాయి. మొత్తం పోవలసిన చోట సుమారు మూడో వంతుతో పోతుంది. కొనే ముందు వాటర్ ట్యాంకు, కొబ్బరిచెట్టు, పక్కింటి మేడ నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో చూసుకోండి. ఎండ బాగా ఉన్నా ఒక ఫలకం మూడో వంతు తక్కువ ఇస్తుంటే, దుమ్ము తుడిచాక కూడా అదే పరిస్థితి ఉంటే, బైపాస్ డయోడ్ చూడమని పెట్టినవారిని అడగండి. పైకెక్కి పెట్టె మీరే విప్పవద్దు. పగటిపూట ఫలకంలో కరెంటు ఆపడం మన చేతిలో లేదు.

చిన్న వస్తువు, పెద్ద తగాదా

పైసలకో రూపాయలకో దొరికే వస్తువు గురించి దేశాలు ఇంత తాపత్రయపడటం ఎందుకు? దీనికి జవాబు 2025 శరత్కాలంలో యూరప్‌లో దొరికింది.

నెదర్లాండ్స్‌లోని నైమేగన్ కేంద్రంగా నెక్స్‌పీరియా అనే సంస్థ ఉంది. డయోడ్లు, ట్రాన్సిస్టర్ల వంటి సాదా పరికరాలను ఏటా 10,000 కోట్లకు పైగా తయారుచేస్తుంది. 2019 నుంచి దీని యజమాని చైనాకు చెందిన వింగ్‌టెక్. సెప్టెంబరు 30న డచ్ ప్రభుత్వం, 1952 నాటి ఒక పాత చట్టాన్ని బయటికి తీసి, సంస్థ నిర్ణయాల మీద అధికారం తన చేతిలోకి తీసుకుంది. పరిజ్ఞానం తరలిపోతుందన్న భయమే కారణమని చెప్పింది. అక్టోబరు 4న చైనా తన దేశంలోని నెక్స్‌పీరియా కర్మాగారం నుంచి ఎగుమతులు ఆపేసింది.

యూరప్‌లో తయారైన వేఫర్లను కోసి, తొడుగు వేసి, పరీక్షించే పనిలో ఎక్కువ భాగం చైనాలోని డోంగ్వాన్‌లో జరుగుతుంది. సరుకు పుట్టేది ఒక చోట, సిద్ధమయ్యేది మరో చోట. నడుమ దారి మూసుకుంటే రెండు చోట్లా సరుకు ఉండీ లేనట్టే. కొద్ది వారాల్లోనే హోండా తన మెక్సికో కార్ల కర్మాగారాన్ని ఆపవలసి వచ్చింది. యూరప్ కంపెనీలు హెచ్చరికలు జారీ చేశాయి. ఒక కారులో ఇలాంటివి వందలు ఉంటాయి. వాటిలో ఒక్క రకం లేకపోయినా కారు బయటికి రాదు. నవంబరులో చైనా కొన్ని మినహాయింపులు ఇచ్చింది, 19న డచ్ ప్రభుత్వం తన ఉత్తర్వును నిలిపివేసింది. అయినా ఆ భయం పోలేదు.

ఈ తగాదాలో ఎవరిది న్యాయమో తేల్చడం మా పని కాదు. మనకు కావలసిన పాఠం వేరు. ఇన్నాళ్లూ చిప్పుల గురించి మాట్లాడేవారంతా ఫోన్లలోని అతి సూక్ష్మమైన చిప్పుల గురించే మాట్లాడారు. అగ్గిపుల్ల తలంత డయోడ్ మీద ఎవరి దృష్టీ లేదు. పెళ్లికి నగలన్నీ సిద్ధంచేసి మంగళసూత్రానికి పసుపుతాడు మరిచినట్టయింది. చవక వస్తువు ఎవరి దగ్గరైనా దొరుకుతుందని అనుకున్నన్నాళ్లు బాగానే ఉంది. ఒకే చోట దొరుకుతుందని తెలిసినప్పుడే దాని అసలు ధర తెలుస్తుంది.

ఖుర్దాలో ఏం చేస్తారు

ఇన్ఫో వ్యాలీలో సిక్‌సెమ్ అనే సంస్థ బ్రిటన్‌కు చెందిన క్లాస్ సిక్ వేఫర్ ఫ్యాబ్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ పరికరాల కర్మాగారం పెడుతుంది. ఏటా 60,000 వేఫర్లు, 9.6 కోట్ల పరికరాలు లక్ష్యమని ప్రభుత్వ ప్రకటన. రెండోది త్రీడీ గ్లాస్ సొల్యూషన్స్. అది చిప్పుల కింద పరిచే గాజు పలకలు, వాటి మీద కూర్పు పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏసిప్ టెక్నాలజీస్ కొరియా సంస్థతో కలిసి ఏటా 9.6 కోట్ల చిప్పులకు తొడుగు పని చేస్తుంది. 1964లో మొదలైన కాంటినెంటల్ డివైస్ పంజాబ్ మొహాలీలోని తన కర్మాగారాన్ని విస్తరించి ఏటా 15.8 కోట్ల పరికరాలు చేస్తుంది. వాటిలో పైన చెప్పిన బైపాస్ డయోడ్లు కూడా ఉన్నాయి.

సిలికాన్ కార్బైడ్ అంటే సిలికాన్, బొగ్గులోని కార్బన్ కలిసిన పదార్థం. కత్తులకు సానపట్టే చక్రాల్లో వాడే కార్బొరండం ఇదే. సాన చక్రానికి పొడి చాలు, డయోడ్‌కు మచ్చలేని స్ఫటికం కావాలి. దాన్ని 2,000 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి నుంచి పెంచుతారు. గంటకు మిల్లీమీటరు కూడా పెరగదు. అందుకే ఖరీదు. అయితే సిలికాన్ కంటే దాదాపు పది రెట్లు బలమైన విద్యుత్ క్షేత్రాన్ని ఓర్చుకుంటుంది. వేడిలోనూ నిలుస్తుంది. దానితో చేసిన డయోడ్లు వేగంగా మూసుకుంటాయి, తక్కువ శక్తిని వృథా చేస్తాయి. ఎలక్ట్రిక్ కార్లు, వేగపు చార్జర్లు, రైలింజన్లు, పెద్ద సౌర కేంద్రాల ఇన్వర్టర్లు వీటి గిరాకీకి మూలం. ఈ రకం డయోడ్లు బజారులోకి వచ్చింది 2001లోనే కాబట్టి, సిలికాన్‌లో అరవై ఏళ్లు వెనకబడ్డ మనం ఇక్కడ అంత వెనకబడి లేం. ఒడిశా ఎంచుకున్న దారి తెలివైనదే అని మా అభిప్రాయం.

సంతోషం ఒక పక్క, లెక్క ఒక పక్క. 9.6 కోట్లు అంటే పెద్ద సంఖ్యగా వినబడుతుంది. నెక్స్‌పీరియా ఏటా చేసే సంఖ్యలో అది వెయ్యో వంతు కూడా కాదు. సిలికాన్ కార్బైడ్ పరికరం ఒక్కొక్కటి సాదా డయోడ్ కంటే ఎంతో ఖరీదైనది కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో వేయకూడదు. అయినా దేశానికి కావలసిన డయోడ్లన్నీ ఖుర్దాలో అయిపోతాయని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

రెండో లెక్క కాలానిది. ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసి విరమించిన మాకు బాగా తెలిసిన సంగతి, ఆమోదం అంటే మొదటి సంతకం మాత్రమే. వేదాంతా, ఫాక్స్‌కాన్ కలిసి గుజరాత్‌లో పెడతామన్న భారీ కర్మాగారం నుంచి 2023 జులైలో ఫాక్స్‌కాన్ తప్పుకుంది. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1980లలో మంచి ఊపు మీద ఉండగా 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తేరుకునేసరికి ప్రపంచం ముందుకు పోయింది. మన పిల్లల చదువు నిర్ణయాలు శిలాఫలకం చూసి కాకుండా, యంత్రాలు బిగించి, మనుషులను తీసుకుంటున్నారా అన్నది చూసి తీసుకోవాలి.

ఉద్యోగాల మాట

నాలుగు కర్మాగారాలకూ కలిపి పెట్టుబడి సుమారు 4,600 కోట్ల రూపాయలు. నేరుగా వచ్చే నైపుణ్య ఉద్యోగాలు 2,034 అని ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది. భాగిస్తే ఒక ఉద్యోగానికి రెండుంపావు కోట్ల పెట్టుబడి. షోలాపూర్ మరమగ్గాల షెడ్డు లాగా, కొత్త షెడ్డు లేస్తే వీధి వీధికీ పని దొరికే పరిశ్రమ ఇది కాదు. డబ్బు యంత్రాల్లో ఉంటుంది, మనుషులు తక్కువ, వారికి చదువు ఎక్కువ కావాలి. చుట్టుపక్కల రవాణా, నిర్మాణం, మరమ్మతు, వసతి వంటి పనులు పెరుగుతాయి, నిజమే. ఆ పనులు ఈ 2,034 లెక్కలోవి కావు.

ఇదంతా నిరాశ కోసం చెప్పడం లేదు, గురి కుదరడానికి చెబుతున్నాం. వేఫర్ తయారీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంజినీరింగ్ పెద్ద చదువులు కావాలి. తొడుగు, పరీక్ష, యంత్రాల నిర్వహణ విభాగాల్లో డిప్లొమా, ఐటీఐ వారికి చోటు ఉంటుంది. శుద్ధమైన నీరు, గాలి, గ్యాసు, ఆగని కరెంటు లేకుండా ఆ కర్మాగారం గంట కూడా నడవదు కాబట్టి ఆ వ్యవస్థలు చూసే ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, ఏసీ మెకానిక్కులకు గిరాకీ ఉంటుంది. సాంకేతిక విద్యా మండలి 2023లో చిప్పుల తయారీ మీద డిప్లొమాకు, చిప్పుల రూపకల్పన మీద బీటెక్‌కు నమూనా పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది. మన బరంపురంలోనే పేరున్న ప్రభుత్వ ఐటీఐ ఉంది, ఉమాచరణ పట్నాయక్ ఇంజినీరింగ్ స్కూల్ ఉంది. ఖుర్దా జిల్లాలోనే ఐఐటీ భువనేశ్వర్ ఉంది. పిల్లవాడిని లక్షలు పోసి దూరపు కాలేజీలో చేర్చే ముందు ఈ గడపలు ఎక్కి అడగడం మంచిది.

ఆడపిల్లల గురించి ఒక మాట. శ్రీపెరుంబుదూరులో, హోసూరులో ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో పనిచేసేవారిలో అమ్మాయిలు చాలామంది. మన ఇళ్లలో ఇంకా వెనకాడుతున్నారు. వెనకాడటానికి బదులు అడగవలసినవి అడగండి: హాస్టలు ఎవరు నడుపుతారు, రాత్రి షిఫ్టుకు వాహనం ఉందా, ఉద్యోగం కంపెనీదా కాంట్రాక్టరుదా, పీఎఫ్ కడుతున్నారా. ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు వస్తే పంపండి.

మనవంటి ఇళ్లకు ప్రత్యేకంగా రెండు సంగతులు. తరతరాలుగా ఇక్కడే ఉన్నా, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి మీది ఆంధ్రా కదా అనే ప్రశ్న కౌంటరు దగ్గర మనకు కొత్త కాదు. వాదన కంటే కాగితం బలమైనది. నివాస ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, పాఠశాల రికార్డుల్లో పేరు ఒకే విధంగా ఉండేలా పదో తరగతికి ముందే సరిచేసుకోండి. తెలుగులో ఇంటిపేరు ముందు, ఒడియా, ఆంగ్ల రికార్డుల్లో వెనుక రాయడంతో వచ్చే తేడాలు ప్రవేశాల సమయంలోనే బయటపడి ప్రాణం తీస్తాయి.

రెండోది భాష. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఆ హక్కు మన ఊళ్లలో ఏ స్థితిలో ఉందో అందరికీ తెలుసు. దాని పోరాటం దానిదే. ఆ లోపు మన చేతిలో ఉన్నది ఒకటి ఉంది. సాంకేతిక విద్యా మండలి డిప్లొమా, ఇంజినీరింగ్ మొదటి ఏడాదుల పుస్తకాలను తెలుగు సహా భారతీయ భాషల్లో తెచ్చి ఈ-కుంభ్ పేరుతో ఉచితంగా పెట్టింది. బడిలో ఒడియాలోనో ఆంగ్లంలోనో విన్న పాఠం ఇంట్లో తెలుగులో మళ్లీ చదివితే పిల్లవాడికి విషయం నిలుస్తుంది. తెలుగు లిపి రాని పిల్లలకు పెద్దలు చదివి వినిపించవచ్చు. భాష పండగలకూ పద్యాలకూ మాత్రమే మిగిలితే పిల్లలు దాన్ని అటక మీద పెడతారు. పనికొచ్చే సంగతి ఆ భాషలో చెప్పినప్పుడే వారు దానికి విలువ ఇస్తారు.

సంఘాలు చేయగలిగిన పని

పెద్ద సభలు అక్కరలేదు. ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టండి. 1ఎన్4007 అనే డయోడ్ రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. దానితో ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓముల రెసిస్టర్ వరుసగా కలపండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. డయోడ్‌ను ఒక్కదాన్ని తిప్పండి, ఆరిపోతుంది. ఇంత లోకాన్ని నడిపే సూత్రం పిల్లవాడి వేళ్ల మధ్య కనబడుతుంది. ఇది బ్యాటరీతోనే చేయాలి. గోడ సాకెట్ దగ్గరకు పోనివ్వకూడదు.

బెంగళూరు, హోసూరు, షోలాపూర్, యానాం సంఘాలకు మా విన్నపం ఒకటే. మీ ఊరికి చేరువలో ఉన్న ఐటీఐ, పాలిటెక్నిక్ కోర్సుల వివరాలు, అడ్మిషన్ల గడువులు, కావలసిన పత్రాల జాబితా తెలుగులో ఒక కాగితం మీద రాసి సభ్యుల ఇళ్లకు చేర్చండి. మేము గంజాం, ఖుర్దా జిల్లాల వివరాలతో ఆ పని మొదలుపెట్టాం. పదో తరగతి ఫలితాలు రాకముందే పూర్తిచేయాలని మా ప్రయత్నం. ఎలక్ట్రానిక్స్ రంగంలో పనిచేసి విరమించినవారు ఎవరైనా మన కుటుంబాల్లో ఉంటే నెలకు ఒక గంట పిల్లలకు ఇవ్వండి. కర్మాగారం ఎప్పుడు తెరుచుకుంటుందన్నది ప్రభుత్వం, కంపెనీల చేతిలో ఉంది. అది తెరిచిన రోజున మన పిల్లలు అర్హతతో గేటు ముందు ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది.